రెండెకరాల పది గుంటలు ఇరవై ఒక్క ఎకరాలు ఎట్లయింది?



పోస్టు పొడుగే ఉంటది, ముందే చెప్తున్న. పొలం పని అయినంక, తిని కూసున్నంక చదవండి. కానీ చదవండి. నాకు జరిగింది మీలో చానామందికి జరిగే ఉంటది. మీరు కూడా నా లెక్కనే "నాదే తప్పు" అనుకొని తల దించుకొని ఇంటికి వచ్చి ఉంటరు. ఆ తప్పు మనది కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్న.

ఈ వానాకాలం మొదట్లో సబ్సిడీ మీద స్ప్రేయర్ కోసం ఫోన్‌లో దరఖాస్తు పెట్టిన. అది ఏ యాప్, ఎవరు చేయించింది అన్నది ఇక్కడ రాయను. పేరు రాస్తే మాటంతా ఆ ఒక్క యాప్ మీదికే పోతది. నేను మాట్లాడేది మన చేతిలోకి వచ్చే అన్ని యాప్‌ల గురించి.

ముందు ఆధార్ నంబర్ అడిగింది. మూడు బాక్సులు, ఒక్కోదాంట్లో నాలుగు అంకెలు. నాలుగు కొట్టంగనే కర్సర్ దానంతట అదే పక్క బాక్సులోకి దూకింది. తర్వాత ఓటీపీ. ఆరు చిన్న బాక్సులు. ఒక్కో అంకె కొట్టంగనే పక్కదాంట్లోకి దూకింది. బాగుంది అనుకున్న. నా బొటనవేలుకు కూడా అలవాటైంది: మనం అంకెలు కొట్టుకుంట పోతే చాలు, బాక్సు మార్చే పని అదే చూసుకుంటది అని.

తర్వాత భూమి వివరాలు. "ఎకరాలు" ఒక బాక్సు, "గుంటలు" ఇంకో బాక్సు. నా పాసుబుక్కులో 2 ఎకరాల 10 గుంటలు. ఒక చేతిలో పాసుబుక్కు, ఒక చేతిలో ఫోను. కండ్లు పాసుబుక్కు మీద. 2 కొట్టిన. 1 కొట్టిన. 0 కొట్టిన. కింద "తర్వాత" అని ఉంటే నొక్కిన. అంతే.

మూడు వారాలకు మెసేజ్ వచ్చింది. భూమి వివరాలు సరిపోలలేదట, దరఖాస్తు తిరస్కరించారట. ఆఫీసుకు పోయిన. కంప్యూటర్‌లో చూసి చెప్పిన్రు: "నువ్వు 21 ఎకరాలు అని కొట్టినవ్ పెద్దాయనా. నీ పాసుబుక్కులో రెండే ఉంది. చూసుకొని కొట్టాలె కదా." నాకు మాట రాలేదు. నేనే తప్పు కొట్టి ఉంటా అనుకున్న. మళ్ల పెట్టుకుందామంటే అప్పటికే మండలానికి వచ్చిన కోటా అయిపోయింది. పత్తికి మందు కొట్టినప్పుడల్లా స్ప్రేయర్ కిరాయికి తెచ్చుకున్న.

దసరాకు మా మేనకోడలు ఊరికొచ్చింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తది. ఊరికే మాటల్లో ఈ ముచ్చట చెప్పిన. ఆ పిల్ల ఆఫీసులో ఎవరూ అడగని ప్రశ్న అడిగింది: "మామా, ఏ అంకెలు కొట్టినవో కాదు, ఏ వరుసలో కొట్టినవ్? మధ్యలో గుంటల బాక్సును వేలితో తాకినవా?" తాకలేదన్న. తనే యాప్ తెరిచి నా లెక్కనే 2, 1, 0 కొట్టింది. ఫోన్ నా ముందు పెట్టింది. ఎకరాలు: 21. గుంటలు: 0.

ఏమైందంటే, ఎకరాల బాక్సు రెండు అంకెలు పడుతది. 2 కొట్టంగనే ఇంకో అంకెకు జాగా ఉంది కాబట్టి కర్సర్ అక్కడే ఆగింది. నేను దూకింది అనుకున్న. 1 కూడా అదే బాక్సులో పడి 21 అయింది. ఇప్పుడు బాక్సు నిండింది కాబట్టి దూకింది. మిగిలిన 0 గుంటల్లో పడ్డది. పది ఎకరాలు దాటిన ఆసామికి ఈ తప్పు రాదు. 12 కొడితే నిండుతది, దూకుతది, అంతా సాఫీ. ఒకటి నుంచి తొమ్మిది ఎకరాలున్నోడికే వస్తది. అంటే ఎవరికి? మనకే.

మా మేనకోడలు అన్నది, "మామా, నువ్వు కొట్టిన అంకెలు మూడూ కరెక్టే. అవి ఎక్కడ పడాలో చూసే పని సాఫ్ట్‌వేర్‌ది. దాన్ని ఫోకస్ అంటరు. ఆ ఫోకస్ తప్పింది."

ఫోకస్ అంటే ఏందో మన భాషలో చెప్తా. ఒక్క బోరు, ఒక్క కాలువ, పది మళ్లు. నీళ్లు ఏ మడికి మలిపితే ఆ మడికే పోతయి. ఫోన్ తెర మీద పది బాక్సులున్నా, మనం కొట్టే అక్షరాలు ఒక్కసారికి ఒక్క బాక్సులోకే పోతయి. ఆ బాక్సుకు ఫోకస్ ఉన్నట్టు. లోపల మిణుకుమిణుకుమనే గీత, చుట్టూ రంగు మారిన అంచు ఉంటయి చూడండి, అవి దాని గుర్తు.

ఇప్పుడు మీరే చెప్పండి. నువ్వు ఒక మడికి నీళ్లు మలిపి గెట్టు మీద నిలబడితే, నీకు చెప్పకుండా ఎవడో వచ్చి పక్క మడికి మలిపిండు. ఒక మడి మురిగింది, ఒక మడి ఎండింది. ఆ మలిపినోడే వచ్చి "చూసుకోవాలె కదా పెద్దాయనా" అంటే ఊకుంటమా? యాప్ విషయంలో మాత్రం ఎందుకు ఊకుంటున్నం?

నా ఒక్కడి ఎకరాల ముచ్చటతో ఇది అయిపోదు. ఫోకస్ చెడిపోయే తీర్లు చాన ఉన్నయి. మా మేనకోడలు ఒక్కొక్కటి చూపెడుతుంటే, "అరె, ఇది కూడా నాకైంది" అనుకుంట విన్న.

ఓటీపీలో మూడో అంకె తప్పు పడ్డది. చెరిపే మీట నొక్కితే వెనక బాక్సుకు పోదు. ఆ బాక్సును వేలితో తాకాలె, బాక్సేమో మినుముగింజంత. ఈ లోపల ఓటీపీ టైమ్ అయిపోతది. మెసేజ్‌లో నుంచి ఆరు అంకెలు కాపీ చేసి అతికిస్తే మొదటి అంకె ఒక్కటే పడి మిగిలిన ఐదు మాయం.

జిల్లా ఎంచుకుంటవు. మండలాల జాబితా రావాలె. మన ఊళ్లో సిగ్నల్ ఎట్లుంటదో తెలిసిందే. రావడం ఆలస్యమైతదని నువ్వు కింద తండ్రి పేరు కొట్టుడు మొదలుపెడతవు. సగంలో ఉండంగ జాబితా వచ్చి తెర ఒక్కసారి కదులుతది, కీబోర్డు మూసుకుంటది, సగం పేరు అట్లనే ఉండిపోతది. లేదంటే నీ వేలు కింద ఉన్న బటన్ జరిగి ఇంకో బటన్ వచ్చి కూసుంటది, నువ్వు దాన్ని నొక్కుతవు.

కీబోర్డు పైకి లేవంగనే నువ్వు రాసే బాక్సు దాని వెనక దాక్కుంటది. ఖాతా నంబర్ గుడ్డిగా కొడుతున్నవన్నట్టు. ఆధార్‌లో చివరి అంకె మిగిలిన పదకొండు అంకెలతో లెక్క కట్టి వేసింది. అందుకే ఒక్క అంకె తప్పు కొడితే యాప్ అక్కడనే పట్టుకోగలదు. గుంటల బాక్సుకు, సర్వే నంబర్‌కు అట్లాంటి కాపలా ఏదీ లేదు. ఏది పడితే అది తీసుకుంటది.

ఆన్‌లైన్ సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూసున్న పిల్లగాని కష్టం వేరే. వాడు తెర చూడడు, మన కాగితం చూసుకుంట కొడతడు. బాక్సు బాక్సుకు పోవడానికి ట్యాబ్ మీట నొక్కుతడు. పేరు తర్వాత తండ్రి పేరు రావాలె. ఫారం చేసినోడు వరుస సరిగ్గా పెట్టకపోతే ట్యాబ్ పోయి ఫోన్ నంబర్‌లో పడుతది. ఇంకోటి వినండి. కొన్ని బ్రౌజర్లలో అంకెల బాక్సుకు ఫోకస్ ఉన్నప్పుడు, పేజీ కిందికి జరుపుదామని మౌస్ చక్రం తిప్పితే పేజీ జరగదు, బాక్సులో ఉన్న అంకె మారుతది. సర్వే నంబర్ 145 కొట్టి చక్రం తిప్పితే 144 అయి కూసుంటది. ఎవరూ చూడరు. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్లకు నమూనాలు తయారుచేసే బృందం ఈ మౌస్ చక్రం లాంటి తంటాల వల్లనే 2020లో ఆ రకం అంకెల బాక్సును పక్కన పెట్టి మామూలు బాక్సుకు మారింది.

అదే బృందం తేదీ గురించి కూడా ఒక మాట రాసి పెట్టింది. రోజు, నెల, సంవత్సరం మూడు బాక్సులు పెట్టండి, కానీ ఒకదాంట్లో నుంచి ఇంకోదాంట్లోకి కర్సర్‌ను మీరు దూకించకండి, జనం తికమక పడతరు అని. 2 ఎకరాల 10 గుంటలు అంటే కూడా అదే కదా. ఒక అంకె పడొచ్చు, రెండు పడొచ్చు. అట్లాంటి చోట దూకించొద్దని చెప్పినోళ్లు ఉన్నరు, రాసిపెట్టినోళ్లు ఉన్నరు. చదివి పాటించినోడే లేడు.

"ఇవన్నీ చిన్న చిన్న విషయాలు, వీటికి రూల్స్ ఎక్కడుంటయి" అని ఎవరన్నా అంటే నమ్మకండి. ఉన్నయి. వెబ్‌కు ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ అనే అంతర్జాతీయ సంస్థ 2008లోనే డబ్ల్యూసీఏజీ 2.0 అని నియమాలు ఇచ్చింది. ఫోకస్ అర్థమయ్యే వరుసలో పోవాలె. ఫోకస్ ఎక్కడుందో కంటికి కనబడాలె. ఒక బాక్సులోకి పోయినంక బయటికి రాలేకుండ ఇరుక్కుపోవద్దు. డబ్బులకో చట్టానికో సంబంధించిన ఫారమైతే వెనక్కి తీసుకునే వీలన్నా ఉండాలె, తప్పులు పట్టి సరిచేసుకోనియ్యాలె, లేకుంటే పంపే ముందు అన్నీ చూపించి ఖాయమేనా అని అడగాలె. ఈ మూడింట్లో ఒక్కటన్నా ఉండాలె. 2023 అక్టోబరులో వచ్చిన 2.2లో ఇంకోటి కలిపిన్రు: ఫోకస్ ఉన్నదాన్ని తెర మీద ఇంకోటి పూర్తిగా కప్పేయొద్దు అని.

మన దేశంలో కూడా ప్రభుత్వ వెబ్‌సైట్లకు, యాప్‌లకు కేంద్రం మార్గదర్శకాలు పెట్టింది. అవి ఈ డబ్ల్యూసీఏజీని ఆధారం చేసుకునే రాసినవి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకి పోయి, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. ఫోన్‌లో కేవైసీ చేయలేకపోతున్న దివ్యాంగులు వేసిన కేసు అది. చూపు లేని మనిషికి ఫోన్ మాట్లాడి చెప్తది కదా, అది ఫోకస్ ఎక్కడుందో దాన్నే చదివి వినిపిస్తది. ఫోకస్ తప్పిపోతే ఆ మనిషి నడిచే దారిలో కర్ర గుంజుకున్నట్టే. మనకు చిరాకు, వాళ్లకు తలుపే బంద్.

మరి ఇన్ని రూల్స్ ఉండంగ, పరీక్షించి వదిలిన యాప్‌లో ఈ తప్పు ఎట్ల మిగిలింది? నాకు మస్తు కోపమొచ్చింది ఇక్కడనే. మా మేనకోడలును సూటిగా అడిగిన, "మీరు చేసే పనేంది మరి?" అని. దాచకుండ చెప్పింది.

ఒకటి. చాన పరీక్షలు మనిషి చేయడు, ప్రోగ్రామే చేస్తది. ఆ ప్రోగ్రాము "ఎకరాల బాక్సులో 2 పెట్టు, గుంటల బాక్సులో 10 పెట్టు" అని పేరు పెట్టి పిలిచి నేరుగా బాక్సులోనే పెడుతది. కాలువలో నీళ్లు పారించకుండ, బిందెతో తెచ్చి మడిలో పోసి "మడి తడిసింది, కాలువ బాగుంది" అన్నట్టు. మనిషి లెక్క ఒక్కో మీట నొక్కుకుంట పోయి, అక్షరం ఎక్కడ పడ్డదో చూస్తేనే ఫోకస్ పరీక్షించినట్టు. 2, 1, 0 అని మూడు మీటలు నొక్కి చూసి ఉంటే మొదటి రోజే దొరికేది.

రెండు. కంప్యూటర్ మీద ఉత్తుత్తి ఫోన్ తెరిచి పరీక్షిస్తరు. కొట్టేది కంప్యూటర్ కీబోర్డు మీద. తెర మీద కీబోర్డు లేవనే లేవదు. ఇక బాక్సు దాని వెనక దాక్కుందని వాళ్లకు ఎట్ల తెలుస్తది?

మూడు. ఫోకస్ పరీక్షలు మొండివి. ఒకే కంప్యూటర్ మీద రెండు పరీక్షలు నడిస్తే ఒకదాని కిటికీ ఇంకోదాని ఫోకస్ గుంజుకుంటది, పరీక్ష ఫెయిల్ అని చూపెడుతది. ఇంకోసారి నడిపిస్తే పాస్. ఇట్ల రెండు మూడుసార్లైతే విసుగొచ్చి "ఈ పరీక్షే బాలేదు" అని దాన్ని ఆపేస్తరు. గడువు దగ్గర పడ్డప్పుడు మొదట ఆపేసేది వీటినే.

నాలుగు. పరీక్షించేటోడి దగ్గర కొత్త ఫోను, ఆఫీసు వైఫై, చిన్న అక్షరాలు, మంచి చూపు. మధ్యలో ఫోన్ రాదు. మన దగ్గర మూడేండ్ల ఫోను, పగిలిన గాజు, పెద్ద అక్షరాలు, ఒక్క గీత సిగ్నల్, మధ్యలో ట్రాక్టరాయన ఫోను. మాట్లాడి వచ్చేసరికి ఫారం మొత్తం ఖాళీ.

ఆ పిల్ల ఇవన్నీ చెప్పి, "మా దాంట్లో అందరూ ఇట్ల ఉండరు మామా, కానీ ఉన్నమాట ఇది" అన్నది. ఆ మాట ఒప్పుకున్నందుకు దాని మీద గౌరవం పెరిగింది.

ఇప్పుడు నాకు ఎదురు వచ్చే మాటలు నాకు తెలుసు. ఒక్కొక్కదానికి జవాబు చెప్తా.

"రైతులకు చదువు తక్కువ, జాగ్రత్తగా కొట్టరు" అంటరు. 1980లలో థెరాక్-25 అని ఒక రేడియేషన్ యంత్రం ఉండె. కెనడాకు చెందిన ఏఈసీఎల్ తయారుచేసింది, క్యాన్సర్ వైద్యానికి. 1986లో అమెరికాలో టెక్సాస్‌లోని ఒక ఆసుపత్రిలో దాన్ని నడిపే మనిషి ఒక అక్షరం తప్పు కొట్టి, వెంటనే కర్సర్ పైకి తీసుకపోయి సరిచేసింది. ఆమె చేతివాటం గల మనిషి, ఎనిమిది సెకన్ల లోపలే అయిపోయింది. తెర మీద సరైన అక్షరమే కనబడ్డది. లోపల యంత్రం మాత్రం ఆ మార్పును పట్టించుకోలేదు. రోగి మీద విపరీతమైన రేడియేషన్ పడ్డది, ఆయన తర్వాత చనిపోయిండు. ఆ యంత్రంతో 1985 నుంచి 1987 దాకా ఆరు ప్రమాదాలు జరిగినయి. ఆమె చదువుకున్న మనిషి, రోజూ అదే పని చేసే మనిషి. నిదానంగా కొట్టి చూస్తే ఆ తప్పు బయటపడదు, పని వచ్చినోళ్ల వేగానికే బయటపడుతది. అది ఫోకస్ దూకుడు తప్పు కాదు, వేరే తప్పు. కానీ తెర మీద దిద్దింది లోపలికి చేరిందా లేదా అన్నది చూసే బాధ్యత ఎవరిదో దాంతో తెలుస్తది. మన ఆన్‌లైన్ సెంటర్ పిల్లగాడు కూడా వేగంగా కొట్టేటోడే కదా.

"తప్పు కొట్టింది మనిషే, సాఫ్ట్‌వేర్ ఏం చేస్తది" అంటరు. 2005 డిసెంబరు 8న జపాన్‌లో మిజుహో సెక్యూరిటీస్ అనే కంపెనీ, ఒక షేరును 6,10,000 యెన్లకు అమ్మబోయి, 6,10,000 షేర్లను ఒక్కో యెన్‌కు అమ్మకానికి పెట్టింది. అంకెలు అటుదిటు, ఇటుదటు. తెర మీద హెచ్చరిక వచ్చినా పట్టించుకోలేదు. తప్పు నిజంగా మనిషిదే. తెలిసి వెంటనే రద్దు చేయబోతే మాత్రం టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజ్ సిస్టమ్ ఆ రద్దును తీసుకోలేదు. సుమారు 4,000 కోట్ల యెన్లు పోయినయి. కోర్టుకు పోతే 2009లో, ఎక్స్ఛేంజ్ కూడా అందులో వెయ్యి కోట్ల యెన్లకు పైగా కట్టాలని తీర్పు వచ్చింది. అంటే ఏంది? కొట్టుడు తప్పు మనిషిదే అయినా, దిద్దుకునే దారి లేకుండ చేసినోనికి కూడా బాధ్యత ఉంది. నేను అడుగుతున్నది అంతకన్న చిన్నది. నేనైతే అంకె కూడా తప్పు కొట్టలేదు.

"ఆటోమేటిక్‌గా దూకుడు మీ సౌకర్యం కోసమే పెట్టినం" అంటరు. ఓటీపీలో నిజమే, ఒప్పుకుంటా. అక్కడ ఎప్పుడూ అన్నే అంకెలు. ఎకరాలకు, గుంటలకు అట్ల కాదు. ఒకే ఫారంలో ఒక చోట దూకి, ఇంకో చోట ఆగి, మళ్ల సగంలో దూకితే అది సౌకర్యం కాదు, మాయలాట.

"పంపే ముందు చూసుకోవాలె" అంటరు. సరే, ఈ మాటలో కొంత న్యాయం ఉంది. నేను చూసుకోలేదు. కానీ చూపెట్టిన్రా? నా యాప్‌లో పంపే ముందు అన్నీ ఒక్క చోట చూపెట్టే పేజీయే లేదు. ఇంకో సంగతి. నా పాసుబుక్కు నంబర్ అదే ఫారంలో, భూమి వివరాలకు ముందే తీసుకున్నరు. మూడు వారాల తర్వాత సరిపోలలేదని పట్టుకున్నోళ్లు, ఆ క్షణంలోనే "మీ పాసుబుక్కులో 2 ఎకరాల 10 గుంటలుంది, మీరు 21 అన్నరు" అని ఎందుకు అడగలేదు? సరిచూసే లెక్క వాళ్ల దగ్గర ఉంది. అది మనకు సాయం చేయడానికి వాడలేదు, మనల్ని పక్కకు పెట్టడానికి వాడిన్రు.

పెద్ద కంపెనీలు ఈ సమస్యను ఏనాడో గుర్తించినయి. వెనకాల నడిచే ప్రోగ్రాము మనం కొట్టేదాని మీదికి ఇష్టమొచ్చినట్టు దూకొద్దని విండోస్ 98 కాలంలోనే కట్టడి పెట్టిన్రు. అట్లాంటప్పుడు కింద పట్టీ మీద దాని గుర్తు మిణుకుమని ఊకోవాలె. పాతికేండ్ల కిందటి ముచ్చట ఇది. మన దాకా ఎందుకు రాలేదంటే, అడిగేటోళ్లు లేక. "నువ్వే తప్పు కొట్టినవ్" అంటే మనం నమ్ముతం కాబట్టి.

అందుకే మనమే మొదలుపెడదాం. కొత్త యాప్ వచ్చిన రోజు, గడువుకు ముందే, ఇంట్లో కూసొని ఈ ఐదు చూడండి. చివరి "సమర్పించు" బటన్ మాత్రం నొక్కకండి.

1. పాసుబుక్కు చూసుకుంట, తెర చూడకుండ ఎకరాలు, గుంటలు కొట్టండి. తర్వాత తెర చూడండి. ఏది ఎక్కడ పడ్డది?

2. ఆధార్‌లో ఐదో అంకె తప్పు కొట్టినట్టు అనుకొని చెరిపే మీటతో వెనక్కి పోండి. మొదటి బాక్సులోకి తిరిగి పోతదా, ఆగిపోతదా?

3. సగం నింపినంక ఇంట్లో వాళ్లతో ఫోన్ చేయించుకోండి, ఎత్తి మాట్లాడండి. మెసేజ్‌లలోకి కూడా పోయి రండి. ఫారం ఉన్న చోటనే ఉందా, ఖాళీ అయిందా?

4. ఫోన్ సెట్టింగుల్లో అక్షరాలు బాగా పెద్దవి చేయండి. అన్నిటికన్న కింద ఉన్న బాక్సును తాకండి. కీబోర్డు లేచినంక ఆ బాక్సు కనబడుతుందా?

5. ఒక బాక్సు కావాలని ఖాళీగా వదిలి "తర్వాత" నొక్కండి. ఏ బాక్సు ఖాళీయో పేరు చెప్పి అక్కడికే తీసుకపోతదా? లేకుంటే పైన ఎర్ర అక్షరాలతో "తప్పు ఉంది" అని ఊకుంటదా?

తప్పు కనబడితే ఫోన్‌లోనే తెర రికార్డు చేయండి. పోటీ అంకెలతో చేయండి, మీ అసలు ఆధార్, ఖాతా నంబర్లు వీడియోలో రావొద్దు. నా దగ్గర ఆ రోజు వీడియో ఉంటే ఆఫీసులో తల దించుకునే పని ఉండకపోవు. ఆన్‌లైన్ సెంటర్‌లో కొట్టిస్తే, చివరి బటన్ నొక్కకముందే ఆపి, తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించమనండి. పిల్లగాడు విసుక్కుంటే విసుక్కోనియ్యండి.

ఇక యాప్ చేయించేటోళ్లను మనం అడగాల్సినవి. గ్రామసభలో అడగండి, రైతు వేదిక మీటింగుల్లో అడగండి, అర్జీలో రాయండి. అంకెల సంఖ్య మారే బాక్సుల్లో కర్సర్ దానంతట అది దూకొద్దు. పంపే ముందు అన్ని వివరాలు ఒక్క పేజీలో చూపెట్టాలె. భూమి విస్తీర్ణం బ్యాంకు చెక్కు మీద రాసినట్టు అక్షరాల్లో కూడా రావాలె. "ఇరవై ఒక్క ఎకరాలు" అని తెలుగులో కనబడి ఉంటే నేను గుడ్డోన్నయినా ఆగేటోన్ని. తప్పు దొరికితే దరఖాస్తు తీసేయొద్దు, మొదటి తేదీ పోకుండ దిద్దుకోనియ్యాలె. విడుదల చేసే ముందు పది మంది రైతులను పిలిచి, వాళ్ల ఫోన్లలో, వాళ్ల ఊళ్లో, వాళ్ల వేళ్లతో కొట్టించి చూడాలె. విత్తనం మార్కెట్‌లోకి రాకముందు పొలంలో వేసి చూడాలని అడుగుతం కదా, దీన్ని ఎందుకు అడగొద్దు?

వచ్చే ఏడు మళ్ల స్ప్రేయర్‌కు పెడతా. ఈసారి 02 అని కొడతా, తర్వాత 10. మా మేనకోడలు చెప్పిన ఉపాయం అది, బాక్సు నిండుతది, సరిగ్గా దూకుతది. కానీ అన్నలారా, ఈ ఉపాయం తెలిసినోడు గట్టెక్కుడు, తెలియనోడు మునుగుడు కాదు నేను కోరేది. రెండెకరాలున్న మనిషి రెండు అని కొడితే రెండే పడాలె.

మీకు ఏ ఫారంలో, ఏ బాక్సు దగ్గర ఇట్ల అయిందో కింద రాయండి. ఏ అంకెలు ఏ వరుసలో కొట్టిన్రో గుర్తుంటే అది కూడా రాయండి, అదే అసలు సాక్ష్యం. అన్నీ కలిపి ఒక అర్జీ రాద్దాం. దాని కింద మొదటి సంతకం నాది.